కూర్చోమన్నవాడి బోటు

మా హిందూపురంలో పడవ అంటే పార్కు చెరువులో ఉండే హంస. దానికి సైకిలు పెడళ్లుంటాయి. చెరువు ఎండినప్పుడు పిల్లలు దాని మీదెక్కి ఫొటోలు దిగుతారు, చెరువు నిండినప్పుడు మునిసిపాలిటీ వాళ్లు దాన్ని గొలుసుతో కట్టేస్తారు. అటువంటి ఊరినుంచి వెళ్లి, కృష్ణానది మీద బోటు నడిపే నియమాలు మూడు రోజులు నేర్చుకుని వచ్చాను. ఎందుకు వెళ్లానో ముందు చెప్పకపోతే నాకు మతి చెడిందనుకుంటారు.

మా కాలనీ సంఘం కార్తీక మాసానికి వేదాద్రి యాత్ర పెట్టింది. కృష్ణలో స్నానం, నరసింహస్వామి దర్శనం, ఆ పైన బోటు షికారు. నలభై మంది పేర్లిచ్చారు. అందులో సగం మందికి మెట్లు దిగాలంటేనే మనిషి సాయం కావాలి. మా ఆవిడ సరస్వతి అందరికంటే ముందు పేరిచ్చింది. మీటింగులో నేను లేచి, బోటు తిరగబడిందన్న వార్త ఎక్కడో ఒకచోట వింటూనే ఉన్నాం కదా, ఈ బోటు ఎవరిది, నడిపేవాడికి ఏమొచ్చు, ఎవరైనా కనుక్కున్నారా అని అడిగాను. మా సంఘంలో అడ్డం చెప్పినవాడికే ఆ పని అంటగట్టే ఆచారం ఉంది. "రిటైరైన సోషల్ మాస్టారివి, ఖాళీగానే ఉన్నావు. నువ్వే పోయి చూసి రా. నువ్వు సరే అంటేనే ఎక్కుతాం" అన్నారు అధ్యక్షులవారు. అందరూ చప్పట్లు కొట్టారు.

బోటు జగ్గయ్యపేట కరీముల్లాది. ఫోను చేస్తే దాచకుండా చెప్పాడు. "నాకింకా లైసెన్సు రాలేదండి. ట్రైనింగులో ఉన్నా. మూడో రోజు పరీక్ష. మీరూ వచ్చి కూర్చోండి, మీకే తెలుస్తది." అతనికి మాది మొదటి పెద్ద బేరం. పరీక్ష తప్పితే లైసెన్సు లేదు, మా బేరమూ లేదు. అతను ఎలా నడుపుతాడో చూసి అవుననో కాదనో చెప్పాల్సినవాణ్ని నేను.

నందిగామ: పెళ్లిపందిట్లో నది

నందిగామలో కృష్ణ లేదు. కృష్ణ ఉన్నచోట ఏసీ లేదు. అందుకని నీటి మీద భద్రత గురించి మొదటి రోజు పాఠం హైవే పక్కన ఫంక్షన్ హాల్లో పెట్టారు. ముందురోజు అక్కడ పెళ్లి జరిగినట్టుంది, వేదిక మీద వధూవరుల పేర్లు ఇంకా తీయలేదు. శిక్షకులు పాపారావు గారు ఓడల్లో పనిచేసి వచ్చిన విశాఖ పెద్దమనిషి. ఆయన నేరుగా వెళ్లి పెళ్లికొడుకు కుర్చీలో కూర్చున్నారు. పెళ్లికూతురు కుర్చీలో ఒక లైఫ్ జాకెట్ కూర్చుంది.

శిష్యులం డజను మందిమి. నేను తప్ప అందరూ బోటు నడపబోయేవాళ్లే, వాళ్లలో ఎక్కువమంది నిన్నటిదాకా లారీ నడిపినవాళ్లు. కరీముల్లా నలభై దాటిన మనిషి. ముక్త్యాల ఫ్యాక్టరీ నుంచి సిమెంటు తోలి తోలి నడుం పట్టేసి, లారీ అమ్మి బోటు కొన్నాడు. మెడ చుట్టూ తువ్వాలు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నా చేతులు మాత్రం స్టీరింగు మీద ఉన్నట్టే ముందుకు చాపుకుంటాడు.

"ఎదురెదురుగా రెండు బోట్లొచ్చాయి. ఎటు తిప్పాలి?" అని అడిగారు పాపారావు గారు.

"ఎడమకండీ!" అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. నేను కూడా అన్నాను.

"కాదు. కుడికి. ఇద్దరూ కుడికే తిప్పాలి."

నందిగామలో హోటలు నడిపే కోటేశ్వరరావుకి ఇది మింగుడు పడలేదు. "అదెట్టాగండి? మన దేశంలో లెఫ్ట్ కదా!"

"అది రోడ్డు మీద."

"రోడ్డు మీద మాత్రం లెఫ్ట్‌లో ఎవరు పోతన్నార్లెండి" అన్నాడు కరీముల్లా. అందరికంటే గట్టిగా పాపారావు గారే నవ్వారు. ఆ ఉదయమే ఆయన కారుకి ఎదురుగా ఒక ట్రాక్టరు తప్పుదారిలో వచ్చిందట.

తరవాత దీపాలు. బోటుకి ఎడమపక్క ఎర్రది, కుడిపక్క ఆకుపచ్చది ఉండాలి. చీకట్లో ఎదుటి బోటు ఎటు పోతోందో వాటిని బట్టే తెలుసుకోవాలి. పెళ్లికి కట్టిన సీరియల్ బల్బుల్లోంచి ఎరుపూ ఆకుపచ్చా ఏరి కుర్చీలకు కట్టి చూపించారు. ఆపైన హారన్లు. ఒకసారి కొడితే కుడికి తిరుగుతున్నానని, రెండుసార్లు కొడితే ఎడమకని, మూడుసార్లు కొడితే వెనక్కి వస్తున్నానని అర్థం. అయిదుసార్లు కొడితే నువ్వేం చేస్తున్నావో నాకు అర్థం కావడం లేదని. హారన్‌కి అర్థం ఉంటుందన్న సంగతి విని లారీ డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిటికీలోంచి హైవే వినిపిస్తూనే ఉంది. మన రోడ్ల మీద అందరూ కొట్టేది ఆ అయిదుసార్ల హారనేనని నాకు అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం కోటేశ్వరరావు తన హోటల్లోనే మాకు పెసరట్టు ఉప్మా పెట్టి, తనతోపాటు పాఠం నేర్చుకునేవాళ్లమని కూడా చూడకుండా ప్లేటుకి అరవై తీసుకున్నాడు. మా ఊళ్లో ఆ డబ్బుకి ఇద్దరికి బొరుగుల ఉగ్గాని, బజ్జీ వస్తాయి. అల్లం చట్నీ మాత్రం మా ఊళ్లో ఎవరికీ చేయడం రాదు, ఒప్పుకుంటాను.

జగ్గయ్యపేట: కవరు తీయని జాకెట్లు

రాత్రి భోజనానికి కరీముల్లా తన ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య జరీనా బగారా అన్నం, దాల్చా, గోంగూర వేసిన మాంసం చేసింది. మా వైపు కారం తింటామని గొప్పలు చెప్పుకుంటాం గాని, ఇక్కడి మిరపకాయ ముందు అవన్నీ ఉత్త మాటలే. కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, "మొదటిసారి తిన్నోళ్లందరూ ఏడుస్తారండి, ఏమనుకోకండి" అంది.

ముందుగదిలో గోడకి ఆనించి లైఫ్ జాకెట్లు దొంతర పెట్టి ఉన్నాయి. కొత్తవి, నారింజ రంగువి. ఒక్కొక్కటీ వచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే ఉంది.

"ఇవి బోటులో కదా ఉండాల్సింది?"

"బోటులో పెడితే ఎత్తుకుపోతారు మాస్టారూ."

"కవర్లన్నా తీయలేదేం?"

"తీస్తే మురికైపోతయ్ కదండీ. పరీక్షాధికారికి కొత్తగా కనపడాలి."

"అంటే బోటు మునుగుతుంటే అందరూ జగ్గయ్యపేట వచ్చి, కవరు చింపి తొడుక్కోవాలన్నమాట."

మా కాలనీలో కారు కొని నాలుగేళ్లయినా సీట్ల కవర్లు తీయనివాళ్లను నేనెరుగుదును, వాళ్లలో నేనూ ఒకణ్ని. జరీనా లోపలికెళ్లి కత్తెర తెచ్చింది. ముగ్గురం కూర్చుని కవర్లన్నీ కోసి పారేశాం. గదంతా ప్లాస్టిక్ గుట్ట అయింది.

ఆ పని చేస్తూనే అతను తన అసలు భయం చెప్పాడు. బోటు వేదాద్రి గుడికి ఎదురుగా రాగానే ఎక్కినవాళ్లందరూ ఒక్కసారి లేస్తారు. గోవిందా అంటూ గుడి ఉన్న పక్కకే జరుగుతారు. చేతులెత్తి దండం పెడతారు, నదిలో చిల్లర వేస్తారు. బోటు ఒకపక్కకి ఒరిగిపోతుంది. ఇన్నాళ్లూ వేరేవాళ్ల బోటులో సాయం చేస్తూ చూశాడట.

"కూర్చోమని చెప్పొచ్చుగా?"

"వేరేవాళ్లు చెప్తే కూర్చోమన్నట్టు మాస్టారూ. నేను చెప్తే దండం పెట్టొద్దన్నట్టు. నా పేరు కరీముల్లా కదండీ."

జరీనా కత్తెర ఆపింది. "లారీ అమ్మేసి ఇందులో పెట్టామండి. ఒకళ్ల నోట్లో పడితే ఇంకెవురూ ఎక్కరు" అంది.

నాకు కోపం వచ్చింది, జాలి వేసింది. కడుపునిండా వాళ్ల అన్నం తిని ఉన్నాను. "ఆ మాట నేను చెబుతాలే. నా మొహాన ఇంత బొట్టుంది, నన్నెవరూ అనుమానించరు. పరీక్ష రోజు బోటులో నేనుంటాను కదా, ఎవరు లేచినా నేనే కూర్చోబెడతాను. ముప్పై ఏళ్లు క్లాసుల్లో చేసిన పని అదే" అన్నాను. కరీముల్లా చాలా నమ్మకంగా తలూపాడు.

ముక్త్యాల: నేను నదిలో పడిన సంగతి

రెండో రోజు నిజం నీళ్లు. ముక్త్యాల దారిలో లారీల వెనక లారీలు, చెట్ల ఆకుల మీద కూడా సిమెంటు రంగే. ఒడ్డుకి వచ్చేసరికి మాత్రం కృష్ణ నింపాదిగా, మమ్మల్ని పట్టించుకోకుండా పోతోంది. మా వైపు నదులకి పేర్లుంటాయి గాని నీళ్లుండవు. ఇంత నీళ్లు ఎవరూ కాపలా లేకుండా పోతుంటే నాకు కాసేపు మనసొప్పలేదు.

ఒక బోటు కరీముల్లా నడుపుతున్నాడు, దాంట్లో నేనున్నాను. రెండో బోటు కోటేశ్వరరావు చేతిలో ఉంది. ఎదురెదురుగా వచ్చి తప్పుకోవాలి. ఒడ్డున పాపారావు గారు ఈల పట్టుకుని నిలబడ్డారు. జాకెట్లందరం తొడుక్కున్నాం. నా పొట్టకి పట్టీలు బిగుతుగా ఉన్నాయని నేను మాత్రం వదులుగా వదిలేశాను.

కోటేశ్వరరావు పాఠం రాత్రంతా బట్టీ పెట్టాడు కాబోలు, ఠక్కున కుడికి తిప్పాడు. కరీముల్లా చేతులు సిమెంటు లారీ నాటి చేతులు, అవి ఎడమకి తిప్పేశాయి. దాంతో రెండూ ఒకే వైపుకి వచ్చాయి. తప్పు తెలిసి కరీముల్లా కుడికి కోశాడు. అతణ్ని చూసి, పాపం మర్యాదకి, కోటేశ్వరరావు ఎడమకి కోశాడు. సన్న సందులో ఎదురుపడిన ఇద్దరు వియ్యంకుల్లాగా నువ్వు పో అంటే నువ్వు పో అనుకుంటూ దగ్గరికొచ్చేశారు. కోటేశ్వరరావు అయిదుసార్లు హారన్ కొట్టాడు. ఆ రోజు మొత్తం మీద సరిగ్గా జరిగిన పని అదొక్కటే.

బోట్లు పెద్దగా కొట్టుకోలేదు, కొద్దిగా రాసుకున్నాయి. నాకు అదే చాలింది. నీళ్లలో పడగానే పట్టీలు బిగించని జాకెట్ పైకి లేచి నా చెవుల దాకా వచ్చి మొహం కప్పేసింది. నేను తేలుతున్నాను గాని ఎక్కడ తేలుతున్నానో నాకు తెలియదు. మనిషి పడితే ఒకరు వేలు చూపిస్తూ అతని మీదనుంచి చూపు తిప్పకూడదని ముందురోజే నేర్పారు. మావాళ్లు చూపు తిప్పలేదు, నిజమే, కాని వేళ్లన్నీ ఫోన్ల మీద ఉన్నాయి. కరీముల్లా ఇంజను ఆపి, నా జాకెట్ మెడపట్టీ దొరకబుచ్చుకుని మూటని లాగినట్టు పైకి లాగాడు.

"చేతులు మాట వినలేదు మాస్టారూ. నాది తప్పే" అన్నాడు. మొహంలో నెత్తురు లేదు. ఆ సాయంత్రం అందరూ టీ తాగడానికి వెళ్లినా అతను వెళ్లలేదు. ఒక్కడే బోటు తిప్పుతూ కుడికి, కుడికి అని పైకే అనుకుంటూ చీకటి పడేదాకా నదిలోనే ఉన్నాడు. నేను తడిసిన లుంగీ ఆరబెట్టుకుంటూ చూశాను. అప్పుడే అతని మీద నాకు నమ్మకం కుదిరింది.

వేదాద్రి: స్వామి ఎదుట

పరీక్షకి ఖాళీ బోటు పనికిరాదట, ప్రయాణికులు ఉండాలట. లైసెన్సు లేనివాడి బోటులో జనాన్ని ఎక్కించి, ఎక్కించడం వచ్చో రాదో చూసి లైసెన్సు ఇస్తారు. ఈ నియమం రాసినవాళ్లెవరో ఒడ్డునే ఉండి రాసుంటారు. వత్సవాయి వైపు నుంచి ట్రాక్టర్ల మీద దర్శనానికి వచ్చినవాళ్లలో, ఊరికే తిప్పుతామంటే ముప్పై మందికి పైగా ఎక్కారు. పట్టుచీరలు నలుగుతాయని ఆడవాళ్లు లైఫ్ జాకెట్లు వద్దన్నారు. ఒక ముసలావిడ మాత్రం "వెచ్చగా ఉంది" అని ముందుగా తొడుక్కుంది, దాంతో మిగిలినవాళ్లూ ఒప్పుకున్నారు.

పాపారావు గారి వెనకే పరీక్షాధికారి బోటెక్కారు. బోటుకి అప్పటికే పూజ చేసి ఉంది. ఆకుపచ్చ దీపం ఏదని అడిగితే బంతిపూల దండ కింద ఉందని చూపించారు. ఎర్రదానికి పసుపు రాశారు. ఆయన తప్పు పట్టలేదు, కొబ్బరిముక్క తీసుకుని కూర్చున్నారు.

కరీముల్లా చక్కగా నడిపాడు. తలలు లెక్క పెట్టాడు, పట్టీలు తడిమి చూశాడు, నా పట్టీ తనే గట్టిగా బిగించాడు. ఎదురుగా పాపారావు గారి ఏర్పాటు ప్రకారం కోటేశ్వరరావు బోటు వస్తే, ఒకసారి హారన్ కొట్టి కుడికి తప్పుకున్నాడు. అధికారి తలూపారు. ఇంక మిగిలింది గుడి ముందునుంచి వెళ్లి రావడమే. కరీముల్లా నా వైపు చూశాడు. నేనున్నానులే అన్నట్టు చెయ్యి చూపించాను.

గుడి కుడిపక్కన వచ్చింది. గంట మోగింది. ఎవరో గోవిందా అన్నారు.

అంతే, అందరూ లేచారు. పాపారావు గారు లేచి కళ్లు మూసుకున్నారు. పరీక్షాధికారి చెప్పులు విడిచారు. జాకెట్ తొడుక్కుని దేవుడికి దండం పెట్టడం బాగుండదనుకున్నారేమో, దాన్ని కూడా విప్పి సీటు మీద పెట్టారు. నేను ఏం చేశానంటారా? నేనూ లేచాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. రెండు చేతులూ జోడించి, మా సరస్వతి మోకాళ్ల నొప్పి తగ్గించమని స్వామిని అడుగుతున్నాను. కాళ్లకి చల్లగా తగిలితే తీర్థమనుకున్నాను.

"కూర్చోండి! ఏయ్! ఎక్కడోళ్లక్కడ కూర్చోండి!"

హైవే మీద రెండు లారీల అవతలికి వినపడే గొంతు అది. కళ్లు తెరిస్తే బోటు అంచు మీదుగా కృష్ణ లోపలికి వస్తోంది. దండాలు పెట్టిన చేతులతోనే అందరం దబ్బున కూలబడ్డాం. అధికారి తన జాకెట్ మీదే కూర్చున్నారు. బోటు ఒక్క ఊపు ఊగి, అటు ఒరిగి, ఇటు ఒరిగి, నిలబడింది.

అప్పుడు ఫోను పట్టుకున్న ఒకాయన అందుకున్నాడు. "ఏంటయ్యా, దేవుడి ఎదురుగా ఏయ్ అంటావా? దండం కూడా పెట్టుకోనివ్వవా?"

"కూర్చుని పెట్టుకోండి బాబూ. స్వామికి కనపడతది" అన్నాడు కరీముల్లా. నా వైపు మాత్రం చూడలేదు. చూసి ఉంటే బాగుండేది, నాకు అంత సిగ్గు వేసేది కాదు. ముప్పై ఏళ్లు పిల్లల్ని కూర్చోబెట్టినవాణ్ని, కూర్చోబెట్టాల్సిన ఒక్క రోజున నేనే నిలబడ్డాను.

"నా చీర తడిసింది చూడు. అబ్బాయి అరవకపోతే మనం స్వామి దగ్గరకే పోయేవాళ్లం" అంది జాకెట్ తొడుక్కున్న ముసలావిడ.

ఒడ్డుకి చేరాక అధికారి చాలాసేపు చెప్పులు వెతుక్కున్నారు. ఒకటి దొరకలేదు. కరీముల్లాకి లైసెన్సు ఇచ్చారు, ఆ మాట నిజం. ప్రయాణికులతో మర్యాదగా మాట్లాడడం నేర్చుకోవాలని ఒక హెచ్చరిక కూడా ఇచ్చారు.

తిరిగొచ్చాక

కాలనీ మీటింగులో నేను చెప్పాల్సిందంతా చెప్పాను. బోటు మంచిది, నడిపేవాడు ఇంకా మంచివాడు. జాకెట్ తొడుక్కోవాలి, కూర్చునే దండం పెట్టుకోవాలి, ఈ రెంటికీ ఒప్పుకుంటే నేను సరే అంటున్నాను అన్నాను.

అధ్యక్షులవారు తన ఫోను తీసి అందరికీ చూపించారు. నాకంటే ముందే వీడియో మా ఊరు చేరింది. స్వామికి దండం పెడుతున్న భక్తులు, వాళ్ల మీద అరుస్తున్న ఒక గొంతు. కింద ఆ గొంతు ఎవరిదో పేరుతో సహా రాసి, మన దేవుడికి మనం దండం పెట్టుకోవడానికి ఎవరి అనుమతి కావాలని అడిగారు. భక్తుల మధ్యలో చేతులు జోడించి నేను స్పష్టంగా ఉన్నాను. లోపలికి వచ్చిన నీళ్లు మాత్రం వీడియోలో ఎక్కడా లేవు, ఫోను అంత కిందికి చూడలేదు.

"నువ్వే నిలబడి దండం పెట్టుకుంటివి, మమ్మల్ని కూర్చోమంటావేంది?" అన్నారు ఎవరో. నీళ్ల సంగతి చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను. పెద్దాయన భయపడ్డాడులే అని నవ్వారు. వాళ్లు అప్పటికే ఇంకో బోటు మాట్లాడేశారు. ఆ బోటాయన ఎవరు ఎక్కడ నిలబడినా ఏమీ అనడట. పాటలు కూడా పెడతాడట. జాకెట్ల గురించి అడిగితే, ఉన్నాయి గాని ఎవర్నీ బలవంతపెట్టరని గర్వంగా చెప్పారు.

ఇంటికొచ్చి సరస్వతిని వెళ్లొద్దన్నాను. "నలభై మందీ పోతుంటే నేనొక్కదాన్నీ ఇంట్లో కూచోనా? నువ్వు రాకపోతే మానేయ్" అంది. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆవిడ మాట తిరిగింది లేదు. నేనూ ఎక్కుతానని చెప్పాను. ఈసారి కళ్లు తెరుచుకుని ఉండాలనుకున్నాను. ఉంటానన్న నమ్మకం నాకే లేదు.

ఇక కరీముల్లాకి చెప్పాలి. ఫోను చేతిలో పట్టుకుని చాలాసేపు తిరిగి, చివరికి చేశాను. బేరం పోయిందని చెప్పాను, ఎందుకు పోయిందో చెప్పాను, ఆ రోజు నేను చేయాల్సిన పని నువ్వు చేసి మాట పడ్డావు, నాది తప్పు అని కూడా చెప్పాను.

"వీడియో చూశా మాస్టారూ" అన్నాడు. "మా ఆవిడ కూడా చూసింది. గొంతు బాగుందంది."

ఇంకెవరన్నా బేరాలకి వస్తున్నారా అని అడిగాను. వస్తార్లెండి అన్నాడు గాని, ఆ మాట గట్టిగా అనలేదు. తరవాత అతనే అడిగాడు.

"మీవాళ్లు ఆ రోజు బోటు ఎన్నింటికి ఎక్కుతారు?"

"ఎందుకు?"

"వెనకాల నా బోటు ఖాళీగా వేసుకుని వస్తా. జాకెట్లన్నీ పెట్టుకుని. మీవాళ్లు చూసి ఏమన్నా అనుకుంటారేమో, కొంచెం దూరంలోనే ఉంటాలెండి" అన్నాడు. "డీజిలు మాత్రం మీరే పోయించాలి."

పోయిస్తానన్నాను.